డీ అండ్ డీకి ఇంకో ఎడిషన్ అవసరమా? 2014 పుస్తకాలున్నవాళ్లు ఏం చేస్తున్నారు?

#1 కొత్తపాచిక

హైదరాబాద్‌లో మా గుంపు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, పాచికలతో తలో పాత్ర వేసి ఆడే కథల ఆట) ఆడేది 2014 రూల్స్‌తో. డీఎం, అంటే ఆట నడిపించే డంజియన్ మాస్టర్, నేనే. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డీఎం గైడ్, మాన్‌స్టర్ మాన్యువల్ అనే పుస్తకాలు మూడూ నావే, మిగతావాళ్లు వాటి మీదే బతుకుతారు. ఈమధ్య కొత్తగా చేరినతను 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ పట్టుకొచ్చాడు. ఇప్పుడు మా టేబుల్ మీద ఇద్దరు పాలడిన్లు (దైవబలం ఉన్న యోధులు). ఇద్దరికీ డివైన్ స్మైట్ ఉంది కానీ అది ఇద్దరికీ ఒకేలా పనిచేయదు. పాత పుస్తకం ప్రకారం తన దెబ్బ శత్రువుకి తగిలిన ప్రతిసారీ స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చుపెట్టి స్మైట్ వేయొచ్చు. కొత్తదాంట్లో అదొక స్పెల్ (మంత్రం), బోనస్ యాక్షన్ (టర్న్‌లో ఒక్కటే దొరికే అదనపు పని) అడుగుతుంది, అంటే టర్న్‌కి ఒక్కసారే. పాతతను ఒకే టర్న్‌లో రెండు వేస్తుంటే కొత్తతను మొహం మాడ్చుకుని కూర్చుంటున్నాడు.

స్మైట్ సంగతి మేం తేల్చుకుంటాం. నేను అడిగేది వేరు. ఆట బాగానే నడుస్తున్నప్పుడు కొత్త ఎడిషన్ ఎందుకు? ఆటకి అవసరమై తెస్తున్నారా, కంపెనీకి అవసరమై తెస్తున్నారా? ఒక్కో పుస్తకం అమెరికాలోనే 49.99 డాలర్లు. మూడూ మళ్లీ కొనాలంటే నాకు గట్టి కారణం కావాలి. వేరే ఆటలు ఆడేవాళ్లు కూడా చెప్పండి, అక్కడ ఎలా ఉందో.

#2 గాబ్లిన్ గోపాలం

అష్టాచమ్మాకి ఎవరైనా రెండో ఎడిషన్ వేశారా? అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక రూలు, నాయనమ్మ వాళ్ల ఊళ్లో ఇంకో రూలు. నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క ఉంటే ఆట మొదలు. ఎవరూ 49.99 డాలర్లు అడగలేదు.

#3 వరంగల్ విజార్డ్

గోపాలం అన్నా, అష్టాచమ్మాలో పాలడిన్ లేడు.

పాచిక గారూ, గట్టి కారణాలు నేను చెప్తాను. 2014 పుస్తకంలో బీస్ట్ మాస్టర్ రేంజర్ ఆడినవాళ్లని కదిపి చూడండి. తోడేలుని వెంటేసుకుని తిరుగుతాడు, కానీ దాన్ని 'కరువు' అనడానికి తన యాక్షన్ వదులుకోవాలి. ఇప్పుడు బోనస్ యాక్షన్ చాలు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం అప్పుడు 1డీ8 (ఎనిమిది పలకల పాచిక ఒకటి), ఇప్పుడు 2డీ8. ఫైట్ మధ్యలో క్లెరిక్ వైద్యం చేస్తే టర్న్ దండగ అని తిట్టే రోజులు పోయాయి. ఫైటర్‌కి, బార్బేరియన్‌కి వెపన్ మాస్టరీ వచ్చింది, కాబట్టి గొడ్డలి పట్టినవాడికీ బల్లెం పట్టినవాడికీ డ్యామేజ్ డైస్‌లోనే కాదు, ఆడే తీరులోనూ నిజమైన తేడా ఉంది. క్లాసులు (పాత్రల రకాలు) 12, ఒక్కోదానికి నాలుగు సబ్‌క్లాసులు (వాటిలో శాఖలు), అందరికీ మూడో లెవెల్‌లోనే మొదలు. ఇంతకుముందు క్లెరిక్‌కి ఒకటో లెవెల్, విజార్డ్‌కి రెండో లెవెల్, రోగ్‌కి మూడో లెవెల్. కొత్తవాళ్లకి చెప్పలేక చచ్చేవాళ్లం.

ఇవన్నీ పదేళ్లు ఆడాక బయటపడ్డ లోపాలు. డీఎం సర్దుకోవచ్చు కదా అంటారు. సొంత గుంపులో సర్దుకోవచ్చు. నేను ఆన్‌లైన్‌లో దొరికిన గుంపుతో ఆడేవాణ్ని. ఒక్కో డీఎందీ ఒక్కో సర్దుబాటు. ప్రతిసారీ ఆట మొదలయ్యే ముందు అరగంట హౌస్ రూల్స్ పారాయణం. అందరి చేతిలో ఒకటే పుస్తకం ఉంటే ఆ బాధ తప్పుతుంది.

#4 థాకో తాతయ్య

పేరు చూస్తేనే నేను ఏ ఎడిషన్ బాపతో తెలిసిపోతుంది. 90ల్లో చదువుకోవడానికి అమెరికా వచ్చాను, రూమ్మేట్ పుణ్యాన సెకండ్ ఎడిషన్ అంటుకుంది. ఇప్పటికీ డల్లాస్‌లో మా పాత బ్యాచ్ ఆడుతూనే ఉంది.

కొత్త పిల్లల కోసం: అప్పట్లో ఏసీ (ఆర్మర్ క్లాస్, కవచం బలం చెప్పే అంకె) తగ్గేకొద్దీ కవచం గట్టిది. ఏసీ 10 అంటే బట్టలు, ఏసీ 0 అంటే ఉక్కు. ఏసీ 0 ఉన్నవాణ్ని కొట్టడానికి నీకు డీ20 (ఇరవై పలకల పాచిక) మీద ఎంత పడాలో అది నీ థాకో. నీ థాకో 18, ఎదుటివాడి ఏసీ 4 అయితే 18లోంచి 4 తీసెయ్, 14 పడాలి. 2000లో థర్డ్ ఎడిషన్ వచ్చి దీన్ని తిరగేసింది. అదే నువ్వు ఇప్పుడు +2 బోనస్, అదే శత్రువు ఇప్పుడు ఏసీ 16. ఎంత పడాలి? 14. లెక్కలో అణువంత తేడా లేదు! కానీ తీసివేత పోయి కూడిక వచ్చింది, పెద్ద అంకె అంటే మంచిది అయింది. కొత్తవాడికి నేర్పే టైమ్ సగానికి సగం తగ్గింది. ఆ మార్పుకి నేను సంతోషంగా డబ్బులిచ్చాను. పేరు మాత్రం అలవాటు కొద్దీ ఉంచుకున్నాను.

మరి అన్ని ఎడిషన్లూ అంత పుణ్యకార్యాలేనా? 1989లో సెకండ్ ఎడిషన్ వచ్చినప్పుడు హాఫ్-ఆర్క్‌నీ, అసాసిన్‌నీ తీసేశారు. డీమన్లు, డెవిల్స్ మొదట మాయమై, తర్వాత టనారీ, బాటెజు అనే పేర్లు తగిలించుకుని తిరిగొచ్చారు. ఆటగాళ్లెవరూ అడగలేదు. ఈ ఆట పిల్లల్ని సైతాను దగ్గరికి తీసుకెళ్తోందని 80లంతా అమెరికాలో గోల చేసిన పెద్దల కోసం చేసిన పని అది. ఇక 2003లో 3.5. థర్డ్ ఎడిషన్‌కి మూడేళ్లు నిండాయో లేదో మూడు పుస్తకాలూ మళ్లీ అచ్చేశారు. హేస్ట్ అనే వేగం పెంచే మంత్రం వేసుకున్న మంత్రగాడు రౌండ్‌కి రెండు మంత్రాలు విసురుతుంటే దాన్ని ఆపాలి, నిజమే. రేంజర్‌ని తిరగరాయాలి, అదీ నిజమే. ఆ మాత్రానికి పది పేజీల కరపత్రం సరిపోయేది.

#5 గాబ్లిన్ గోపాలం

ప్రతి ఎడిషన్‌లోనూ రేంజర్‌ని బాగు చేస్తూనే ఉన్నారు కదా. 50 ఏళ్లుగా మా ఊరి రోడ్డులాగే.

#6 నిశిరాత్రి

నేను కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ ఆట నడుపుతాను, కాబట్టి ఈ గొడవ నాకు బయటినుంచి వింతగా ఉంటుంది.

మా ఆట 1981లో వచ్చింది, కేయాసియం కంపెనీ. 2014కి ఏడో ఎడిషన్ దాకా వచ్చాం. ఏడు ఎడిషన్లు! కానీ మొదటి ఆరింటి మధ్య తేడా చెప్పమంటే నేను పుస్తకం తెరవాల్సిందే. ఏడోదే కాస్త పెద్ద మార్పు. అంతకుముందు స్ట్రెంత్ 13 అని రాసేవాళ్లం, ఇప్పుడు అయిదుతో హెచ్చవేసి 65 అని రాస్తాం. స్కిల్స్ అప్పుడూ శాతాలే, ఇప్పుడూ శాతాలే. రెసిస్టెన్స్ టేబుల్ (బలాబలాలు పోల్చే పట్టిక) తీసేశారు, బోనస్ డై (అదనపు పాచిక) వచ్చింది, ఒకసారి తప్పిన రోల్‌ని రిస్క్ తీసుకుని మళ్లీ వేసే అవకాశం వచ్చింది. అంతే.

దీనివల్ల ఏమైందో చూడండి. మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ అనే పెద్ద క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) 1984లో వచ్చింది. దాని పాత ప్రతి ఎవరిదగ్గరైనా ఉంటే ఈ శనివారం ఏడో ఎడిషన్ రూల్స్‌తో నడిపేయొచ్చు, అంకెల్ని అయిదుతో హెచ్చవేసుకుంటూ. 2018లో కొత్త రూల్స్‌కి సరిపడేలా, మరింత సమాచారంతో మళ్లీ వేశారు, అది వేరే సంగతి. కొనడం నా ఇష్టం. కొనకపోతే నా ఆట ఆగదు.

నా దృష్టిలో అసలు కొలత ఇదే. కొత్త ఎడిషన్ వచ్చాక అలమరలో ఉన్న పాత అడ్వెంచర్లు (ఆడించడానికి రాసి అమ్మే కథలు) బతికున్నాయా, చచ్చాయా? రూల్‌బుక్ ఒకసారి కొంటాం. అడ్వెంచర్లు ఏళ్ల తరబడి పోగవుతాయి. ఆట మీద పెట్టిన డబ్బంతా ఉండేది వాటిలోనే.

#7 ఆరుపలకలు

నిశి గారి కొలతతో నాకు పేచీ ఉంది, కానీ ముందు దాన్ని బలపరిచే కథ చెప్తాను.

ట్రావెలర్ 1977 నాటి ఆట. అంతరిక్షం, ఓడలు, అప్పులు. క్యారెక్టర్ తయారుచేసుకుంటూనే చచ్చిపోవచ్చని పేరు మోసింది. రెండు ఆరుపలకల పాచికలు వేసి 8 లేదా అంతకంటే ఎక్కువ పడితే గెలుపు, అదే ఆట గుండెకాయ. 1993లో కంపెనీ వాళ్లు ది న్యూ ఎరా అని తెచ్చారు. రూల్స్ మొత్తం తీసేసి తమ మిగతా ఆటల్లో వాడే పద్ధతి పెట్టారు. అది చాలదన్నట్టు ఇన్నేళ్లూ జనం ఆడుకున్న సామ్రాజ్యాన్ని ఒక కంప్యూటర్ వైరస్‌తో నాశనం చేసేశారు. గ్రహాల పటాలు, రాజవంశాలు, వ్యాపార మార్గాలు పోగేసుకున్న పాత ఆటగాళ్ల దగ్గర చెల్లని నోట్లు మిగిలాయి. 1996లో కంపెనీ మూతపడింది. ఆ ఎడిషన్ ఒక్కదానివల్లే మూతపడిందని నేననను. కానీ 2008లో మంగూస్ వాళ్లు ట్రావెలర్‌ని మళ్లీ తెచ్చినప్పుడు ఏం చేశారు? మళ్లీ రెండు ఆరుపలకల పాచికలు, మళ్లీ సామ్రాజ్యం. ఇప్పటికీ అదే బాట.

వార్‌హ్యామర్ రోల్‌ప్లేది కూడా ఇంచుమించు ఇదే దారి. 2009లో మూడో ఎడిషన్‌ని ప్రత్యేకమైన పాచికలు, కార్డులు, పెద్ద డబ్బాతో తెచ్చారు. 2018 నాలుగో ఎడిషన్ మళ్లీ పాత శాతాల దగ్గరికే వచ్చింది.

ఇక పేచీ. పాత అడ్వెంచర్లు పనిచేయడమే కొలత అయితే ఏ ఆటా ఎప్పటికీ కొత్తది ప్రయత్నించకూడదు. 2008 డీ అండ్ డీ ఫోర్త్ ఎడిషన్‌ని అందరూ తిడతారు, నేను తిట్టను. ఆ ఎడిషన్ వచ్చేదాకా ఫైటర్ చేసేది ఒకటే: కొట్టాను, మళ్లీ కొట్టాను. విజార్డ్ పక్కన ఆకాశం చీలుస్తుంటాడు. ఫోర్త్‌లో ఫైటర్‌కి కూడా ఎప్పుడంటే అప్పుడు వాడే పవర్లు, ఫైట్‌కి ఒకసారి వాడేవి, రోజుకి ఒకసారి వాడేవి ఇచ్చారు. శత్రువుల్ని తనవైపు లాగి స్నేహితుల్ని కాచేవాడయ్యాడు. 50 ఏళ్లలో నిజంగా కొత్త ఆలోచనతో వచ్చిన ఎడిషన్ అదొక్కటే. మొదటి పుస్తకంలో బార్డ్, డ్రూయిడ్, మాంక్ లేకపోవడం బుర్రతక్కువ పని, ఒప్పుకుంటాను. రాక్షసుల హిట్ పాయింట్లు (చావకుండా ఎంత దెబ్బ తట్టుకుంటారో ఆ అంకె) ఎక్కువై ఫైట్లు సాగేవి, 2010లో వచ్చిన మూడో మాన్‌స్టర్ మాన్యువల్ దాకా అది సర్దుకోలేదు. అయినా సరే, వేరే పేరుతో వచ్చి ఉంటే జనం నెత్తిన పెట్టుకునేవాళ్లు.

#8 వరంగల్ విజార్డ్

ఫోర్త్‌ని మెచ్చుకునేవాళ్లు తెలుగులో ఒకరున్నారని ఇవాళే తెలిసింది. దండాలు గురూగారూ.

#9 లేఖరి

ఫోర్త్ వద్దన్నవాళ్లు ఎక్కడికి పోయారో కూడా చెప్పాలి. ఒక ఎడిషన్ రావడానికి ఆటకి సంబంధంలేని కారణాలు ఎన్ని ఉంటాయో అక్కడే తెలుస్తుంది.

2000లో డీ అండ్ డీ వేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లు థర్డ్ ఎడిషన్ రూల్స్‌ని ఓజీఎల్ అనే లైసెన్స్ కింద వదిలారు, ఎవరైనా వాడుకుని పుస్తకాలు వేసుకోవచ్చని. ఫోర్త్‌కి వచ్చేసరికి దాన్ని పక్కనపెట్టి బిగుతైన వేరే లైసెన్స్ పెట్టారు. అప్పటిదాకా డీ అండ్ డీ పత్రికలు రెండూ నడిపిన పైజో కంపెనీకి 2007లో ఆ పత్రికలూ పోయాయి. వాళ్లు పాత లైసెన్స్ పట్టుకుని 3.5 రూల్స్‌కి మెరుగులు దిద్ది 2009లో పాత్‌ఫైండర్ అని వేశారు. మాకు కొత్త ఎడిషన్ వద్దు, ఉన్నది చాలు అని అరిచినవాళ్లే వెళ్లి అయిదువందల పేజీల పైచిలుకు కొత్త పుస్తకం కొన్నారు. దీనిమీద కొంచెం ఆలోచించండి.

తర్వాతి అంకం ఇంకా విచిత్రం. 2023 జనవరిలో ఓజీఎల్‌ని మార్చబోతున్నారని ముసాయిదా బయటికి పొక్కింది. జనం భగ్గుమన్నారు. నెల తిరక్కుండా విజార్డ్స్ వెనక్కి తగ్గి ఫిఫ్త్ ఎడిషన్ (2014ది) మూల రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల ఉచిత లైసెన్స్) కింద పెట్టేశారు. కానీ పైజోకి నమ్మకం పోయింది. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ సెకండ్ ఎడిషన్‌ని 2023 నవంబర్ నుంచి తిరగరాసి వేయడం మొదలుపెట్టారు, ఓజీఎల్ వాసన లేకుండా. అలైన్‌మెంట్ (పాత్ర మంచిదా చెడ్డదా అనే ముద్ర) పోయింది, మంత్రాల స్కూల్స్ (వర్గాలు) పోయాయి, డీ అండ్ డీకే సొంతం అనిపించే పేర్లూ, రంగులనుబట్టి పిలిచే డ్రాగన్లూ పోయాయి. ఒక్క ఆటగాడు కూడా టేబుల్ మీద ఇబ్బందిగా ఉందని అడిగిన మార్పు కాదు ఇది. లాయర్లు అడిగారు. పోయిన అలైన్‌మెంట్ కోసం ఏడ్చినవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

అసలు అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ 70ల చివర్లో విడి ఆటగా రావడం వెనక కూడా రాయల్టీల గొడవ ఉంది. 1974 ఆటని గ్యారీ గైగాక్స్‌తో కలిసి తయారుచేసిన డేవ్ ఆర్నెసన్‌కి కొత్త పుస్తకాల మీద రాయల్టీ ఇవ్వం అంది అప్పటి కంపెనీ టీఎస్ఆర్. ఆయన 1979లో కోర్టుకెక్కాడు, 1981లో రాజీ కుదిరింది.

#10 కొత్తపాచిక

లేఖరి గారూ, మీరు చెప్పింది చదివాక నా ప్రశ్నే మారిపోయేట్టుంది. అంటే జనానికి కొత్త రూల్స్ కాదు, కొత్త పుస్తకం కావాలా?

#11 థాకో తాతయ్య

అవును నాయనా, నిజంగా అంతే. ఇంకో సాక్ష్యం కావాలా? పాత ఆటే గొప్పదని పట్టుబట్టే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. 1981 బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌ని ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్ అని 2019లో ఒకాయన మళ్లీ వేశాడు. రూల్స్ దాదాపు మక్కీకి మక్కీ. చేసిందల్లా సర్దడం. తలుపు తెరవడం గురించి ఏమన్నా కావాలంటే అన్నీ ఒకే పేజీలో, చూడగానే దొరుకుతాయి. నా దగ్గర 1981 పుస్తకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయినా కొన్నాను, ఇప్పుడు దాంతోనే నడుపుతున్నాను. 1979 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఒక రూల్ వెతికిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. అందులో ఏది ఎక్కడుందో గైగాక్స్ గారికైనా గుర్తుండేదా అని నా అనుమానం.

#12 వరంగల్ విజార్డ్

తాతయ్య గారు నాకే బలం ఇస్తున్నారు. 2014 డీఎం గైడ్ తెరిస్తే మొదటి అధ్యాయం సొంత ప్రపంచాన్ని ఎలా కట్టాలి. దేవుళ్లు, రాజ్యాలు, చరిత్ర. ఎల్లుండి నలుగురు స్నేహితులు వస్తున్నారు, వాళ్లని ఎలా ఆడించాలి అని వణుకుతున్న కొత్త డీఎంకి దేవుళ్లెందుకు? 2024 గైడ్ ఆటని నడపడం దగ్గర మొదలవుతుంది. ఇది రూల్ మార్పు కాదు, ఎర్రాటాలో (తప్పొప్పుల పట్టికలో) పెట్టలేరు. కొత్త పుస్తకమే కావాలి.

#13 సాయంత్రపు సాహసి

ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. నేను ఆట మొదలుపెట్టిందే ఈ ఏడాది. థాకో ఏంటో ఇవాళే తెలిసింది.

నాకొకటి అనిపిస్తోంది. మీరందరూ ఇప్పటికే లోపల ఉన్నవాళ్లు. ఎడిషన్ అవసరమా అని మీకు మీరు అడుగుతున్నారు. నేను ఈ ఆటలోకి వచ్చింది 2024 పుస్తకం వచ్చిందని యూట్యూబ్‌లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే విని. పదేళ్ల కింద వచ్చిన పుస్తకం గురించి ఎవరూ కొత్తగా వీడియో చేయరు కదా. ఆ హడావిడి లేకపోతే ఇలాంటి ఆట ఉందనే నాకు తెలిసేది కాదు. మా గుంపులో నలుగురం, అందరం అలా వచ్చినవాళ్లమే.

#14 నిశిరాత్రి

సాహసి, మీరు ముందే రాయాల్సింది.

ఆరుపలకలు గారి పేచీకి నా జవాబు: ప్రయోగాలు చేయొద్దనలేదు. వేరే ఆటగా చేయమంటున్నాను. 2010లో అపోకలిప్స్ వరల్డ్ వచ్చింది, ఆ తర్వాత దాని పద్ధతిలో ఎన్ని ఆటలు పుట్టాయో లెక్కలేదు. ఎవరి అలమరా పాడవలేదు. ఒక పేరు మీద జనం నమ్మకం పెట్టుకున్నాక ఆ పేరుతో పూర్తిగా వేరే వస్తువు అమ్మితేనే గొడవ.

#15 ఆరుపలకలు

అక్కడిదాకా ఒప్పుకుంటా. కానీ వేరే పేరుతో వచ్చినది అమ్ముడుపోవాలి కదండీ. డబ్బు సంగతి ఎవరూ సూటిగా మాట్లాడట్లేదు కాబట్టి నేనే మాట్లాడతా.

అడ్వెంచర్ కొనేది టేబుల్‌కి ఒక్క డీఎం. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అయితే టేబుల్ చుట్టూ ఉన్న అందరూ కొనొచ్చు. అందరి దగ్గరా అది ఉన్నాక కంపెనీ ఏం అమ్మాలి? టీఎస్ఆర్ వాళ్లు 90ల్లో ఒక దారి పట్టారు. సెట్టింగ్ (ఆట జరిగే ప్రపంచం) మీద సెట్టింగ్ వేశారు. డార్క్ సన్, ప్లేన్‌స్కేప్, రావెన్‌లాఫ్ట్, స్పెల్‌జామర్, బర్త్‌రైట్. అన్నీ బాగున్నాయి, కానీ ఒకటి ఆడేవాళ్లు ఇంకోటి కొనలేదు. మిగతా తప్పులూ తోడై కంపెనీ మునిగి, 1997లో విజార్డ్స్ చేతికి వచ్చింది, 1999లో విజార్డ్స్‌ని హాస్‌బ్రో కొంది. రెండో దారి ఎడిషన్ మార్చడం. మూడో దారి నెలనెలా చందా. 2022లో డీ అండ్ డీ బియాండ్ అనే ఆన్‌లైన్ సైట్‌ని 14.6 కోట్ల డాలర్లు పోసి కొన్నది అందుకే.

ఈ మూడిట్లో నన్ను భయపెట్టేది మూడోది. 2024 ఆగస్టు గుర్తుందా? కొత్త పుస్తకం వస్తోంది కాబట్టి బియాండ్‌లో మీ పాత క్యారెక్టర్ షీట్లలోని స్పెల్స్, మ్యాజిక్ ఐటమ్స్ అన్నీ కొత్త రూల్‌కి మారిపోతాయి అన్నారు. పాతది కావాలంటే హోంబ్రూగా (సొంత తయారీగా) మీరే టైప్ చేసుకోవాలట. గోల చేస్తే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. కాగితం పుస్తకం విషయంలో ఈ మాట అనగలరా? పాచిక గారి అలమరలోకి వచ్చి 2014 పుస్తకంలో స్మైట్ పేజీ చించుకుపోలేరు కదా. ఎడిషన్ మారడం నాకు పెద్ద బాధ కాదు. పాత ఎడిషన్ ఆడే హక్కు నా చేతిలో ఉందా లేదా అన్నదే బాధ.

#16 గాబ్లిన్ గోపాలం

గవ్వలకి సబ్‌స్క్రిప్షన్ లేదు. చెప్పానంతే.

#17 లేఖరి

ఆరుపలకలు గారూ, నెలవారీ చందాలు, కొత్త ఎడిషన్లు లేకుండా ఏళ్ల తరబడి బతికిన ఉదాహరణ కూడా ఉంది. గర్ప్స్ అనే ఆట 1986లో వచ్చింది, 2004లో నాలుగో ఎడిషన్. ఆ తర్వాత రెండు దశాబ్దాలు అదే మూల పుస్తకాల మీద చిన్న చిన్న పీడీఎఫ్‌లు వేసుకుంటూ నడిచింది. కొత్తవాళ్లు ఎంతమంది వచ్చారంటారా, సాహసి గారి గుంపులో ఎవరైనా దాని పేరు విన్నారేమో అడగండి.

#18 సాయంత్రపు సాహసి

వినలేదు 😅

ఒక చిన్న సాయం. మా గుంపులో పుస్తకం ఒక్కటే ఉంది, నలుగురం పంచుకోలేకపోతున్నాం. ఏది కొనాలి?

#19 వరంగల్ విజార్డ్

ఇప్పుడే ఏదీ కొనకు. 2024 రూల్స్ మూల భాగం ఎస్ఆర్‌డీ 5.2 పేరుతో 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్ కింద వచ్చింది. పీడీఎఫ్ ఉచితం, దింపుకోవడం చట్టబద్ధం. అన్ని క్లాసులూ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక సబ్‌క్లాస్ ఇచ్చారు. స్పెల్స్ చాలావరకు ఉన్నాయి. 2014ది కావాలంటే 5.1 ఉంది. పాత్‌ఫైండర్ అయితే రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నీథిస్ సైట్‌లో పైజో అనుమతితోనే పెట్టారు. ఆర్నెల్లు వీటితో ఆడండి. అప్పటికీ పుస్తకం చేతిలో పట్టుకోవాలనిపిస్తే అప్పుడు కొనండి.

#20 కొత్తపాచిక

నాకు తేలిన సంగతి రాస్తాను. నిశి గారి కొలతే నా అలమరకి సరిపోయింది, నా దగ్గర 2014 నాటి అడ్వెంచర్ పుస్తకాలే ఎక్కువ. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వరకు కొత్తదానికి మారతాం, ఇద్దరు పాలడిన్లకీ ఒకే స్మైట్. పాతతను ఇప్పటికే అలిగాడు. డీఎం గైడ్ కొనను, ఆడించడం నాకు వచ్చు. మాన్‌స్టర్ మాన్యువల్ దగ్గర ఆగాను. పాత అడ్వెంచర్‌లో రాక్షసుడి పేరు చూసి కొత్త పుస్తకంలో అదే పేరున్నది వాడేస్తే నడుస్తుందా?

#21 వరంగల్ విజార్డ్

చాలావరకు నడుస్తుంది. రెండుచోట్ల చూసుకోండి. ఒకటి, కొత్త పుస్తకంలో ఆర్క్ అనే రాక్షసజాతికి విడిగా స్టాట్ బ్లాక్ (బలాల అంకెల పట్టిక) లేదు. మనుషులకి వాడే యోధుడి బ్లాకో, రౌడీ బ్లాకో తీసుకుని ఆర్క్ అనుకోవాలి. పాత అడ్వెంచర్లలో ఆర్క్‌లు కుప్పలు తెప్పలు కాబట్టి ముందే రాసిపెట్టుకోండి. రెండు, అదే పేరున్న రాక్షసుడు కొత్తదాంట్లో సాధారణంగా కాస్త గట్టిగానే కొడతాడు, పెద్ద లెవెల్స్‌లో మరీ. మీ ఆటగాళ్లు కూడా కొత్త రూల్స్‌తో బలపడ్డారు కాబట్టి సరిపోతుంది.

#22 నిశిరాత్రి

సర్‌ప్రైజ్ సంగతి మర్చిపోయారు, పాత అడ్వెంచర్లు దెబ్బతినేది అక్కడే. 2014లో మాటువేసి దాడి చేస్తే, ఏమరుపాటున ఉన్నవాడు తన మొదటి టర్న్‌లో కదల్లేడు, ఏమీ చేయలేడు. 2024లో ఇనిషియేటివ్ రోల్‌కి (ఎవరు ముందు ఆడాలో తేల్చే పాచికకి) డిసడ్వాంటేజ్ మాత్రమే. రెండు డైస్‌లో చిన్నది తీసుకుంటాడు, ఆ చిన్నదే 17 పడితే మాటు వేసినవాడికంటే ముందే కత్తి దూస్తాడు. పాత రూల్ నమ్ముకుని రాసిన మాటుదాడి సీన్లు కొత్త రూల్‌లో చప్పబడిపోతాయి.

#23 కొత్తపాచిక

అయ్యో, నా తర్వాతి సెషన్ మొత్తం ఒక లోయలో మాటుదాడే. నాలుగు గాబ్లిన్లు, రెండు తోడేళ్లు.

#24 థాకో తాతయ్య

అయితే ఇంకో రెండు గాబ్లిన్లని పెంచు, లేదా ఆ ఒక్క సీన్‌కి పాత రూల్ వాడు. ఏది చేసినా ఆట మొదలయ్యేముందే వాళ్లకి చెప్పు. వాళ్లు మాటు వేసినప్పుడు కూడా అదే రూల్ వర్తిస్తుందని కూడా చెప్పు, లేకపోతే అలిగిన పాలడిన్‌కి రెండో కారణం దొరుకుతుంది.

#25 గాబ్లిన్ గోపాలం

గాబ్లిన్లని పెంచే ప్రతిపాదనకి నా పూర్తి మద్దతు.